పెన్సిల్ గీత

యాభై పెన్నీలకి కొన్నాను ఈ మ్యాపుని,
ష్రూస్‌బరీలో, పాత బట్టలమ్మే ధర్మ దుకాణంలో.
మడతల దగ్గర తెల్లబడింది
వాడిన చొక్కా మెడపట్టీలాగా.
అట్ట మీద పేరు: ఆర్. ప్యూ.
లోపల, లోయ పొడుగునా, పెన్సిల్ గీత.

దూరపు కొండలే కాదు,
మ్యాపులో కొండలూ నునుపే.
ఎవరో నిశానీ వేలిముద్ర వేసి
పొలం రాసిచ్చినట్టు, గోధుమరంగు గీతలు.

ఆగస్టు శనివారం, తొమ్మిదింటికి,
లిటిల్ స్ట్రెటన్‌లో దిగాను.
బస్సతను నా బూట్లు చూశాడు, ఆకాశం చూశాడు,
ఏమీ అనలేదు.

మొదట ఇనుప గేటు, తాడు కట్టిన కొక్కెం.
మూసి వెళ్ళమని బోర్డు.
మూశాను. పది అడుగులు నడిచి
వెనక్కొచ్చి చూశాను మూశానా అని,
గ్యాసు కట్టేశానో లేదో అన్నట్టు.

"వాగు ఏడుసార్లు దాటాలి," అని రాశాడు ప్యూ.
నేను లెక్కపెడితే తొమ్మిది.
ఎడమ బూటులో నీళ్ళు చప్పరిస్తుండగా
రాయి మీద కూచుని మళ్ళీ చూశాను.
అది తొమ్మిదే. పైన సున్నా మూసుకోలేదు, అంతే.
పదకొండేళ్ళుగా ఉత్తరాల సార్టింగ్ ఆఫీసులో
చిరునామాలు చదివే కళ్ళు ఇవి.
సిగ్గేసింది.
అక్కణ్ణించే ప్యూగారు అనడం మొదలుపెట్టాను.
ఒకరి వెనక గంటసేపు నడిస్తే
'గారు' దానంతటదే వస్తుంది.

"టెస్ ఈ మెట్టు ఎక్కనని మొండికేసింది."
భార్య కాబోలు అనుకున్నాను.
పాపం, ఎంత అలిసిందో, ఏం మాటలు అనుకున్నారో,
అని జాలిపడుతూ కంచె ఎక్కి దిగాక
కింద కనబడింది:
కుక్కలు దూరేందుకు పైకెత్తే చెక్కపలక.
గట్టిగా నవ్వాను. వీపున నీలం మచ్చ,
చాకలి గుర్తులా, ఉన్న గొర్రె ఒకటి
నమలడం ఆపి చూసింది.

పైకి పోయేకొద్దీ లోయ సన్నబడింది.
ఫెర్న్‌లు భుజాల దాకా.
వాటి కింద విన్‌బెర్రీలు,
మిరియం గింజకి కాస్త పెద్దవి,
నేరేడు రంగు. రుచి నేరేడు కాదు,
నేరేడుకి వేలువిడిచిన చుట్టం.
నాలుక చాపి ఫోన్‌లో చూసుకున్నాను.
చూసేవాళ్ళెవరూ లేరు.

శిఖరానికి ఇంకా అరమైలు ఉండగా
పెన్సిల్ గీత ఆగిపోయింది.
పక్కన, చిన్న అక్షరాల్లో:
"ఎం. అలిసింది. టీ తాగి దిగిపోయాం."
అంతే.
మళ్ళీ వచ్చినట్టు ఇంకో గీత లేదు,
వేరే రంగులో అయినా.

బల్లపరుపు రాయి ఉందక్కడ.
ఇద్దరు కూచోవచ్చు, ఒకరు కొంచెం ఇరుక్కుని.
ఫ్లాస్కు తీశాను. నిన్నటి అట్లు, కారప్పొడి.
ఎం. ఎటువైపు కూచుని ఉంటుందో తేల్చుకోలేక
మధ్యలో కూచున్నాను.
కుక్క మాత్రం కచ్చితంగా కాళ్ళ దగ్గరే.

ఆఫీసులో చెప్పొచ్చాను,
పోల్ బ్యాంక్ కొన ఎక్కి ఫోటో పంపుతానని.
లేచాను.
మంచు పడమటి నుంచి వచ్చింది,
ఎవరో తడి దుప్పటి దులిపినట్టు.
దారి ముందు పదడుగులే మిగిలింది, తర్వాత ఐదు.
ఎక్కడో ఒక గుర్రప్పిల్ల సకిలించింది.
కుడి మోకాలు తన మాట తాను చెప్పింది.
నలభై అడుగులు పోయి
వెనక్కి తిరిగాను.

దిగుతూ తొమ్మిదిసార్లు వాగు దాటాను.
ఈసారి లెక్క కుదిరింది.

బస్సులో పెన్సిలు తీసి
ఆయన ఆపినచోటి నుంచి
నలభై అడుగులు గీశాను.
ఆ లెక్కన గీత మిల్లీమీటరు,
కొంచెం ఎక్కువే.
పక్కన తెలుగులో రాశాను:
"మంచు. మోకాలు. అట్లు బాగున్నాయి."

మ్యాపు మడవడం మాత్రం రాలేదు.
ఏ మడత ముందో, ఏది వెనకో.
వెనక సీటు ముసలాయన నేర్పుతానని చెయ్యి చాపాడు.
పరవాలేదన్నాను.
ష్రూస్‌బరీ దాకా విప్పిన కొండ
ఒళ్ళోనే ఉంది.